హ్యాష్ పెట్టిన వరుస

జూన్ 4, మంగళవారం

పొద్దున్నే దీపం పెట్టి, ముందురోజు సంగతులన్నీ దేవుడికి చెప్పుకోవడం పెళ్ళికాకముందు నుంచీ నాకు అలవాటు. కూర మాడిన సంగతి దగ్గర్నుంచి ఆడపడుచు అన్న మాట దాకా ఏదీ దాచను. రెండుమూడు రోజులుగా కూర్చుంటున్నాను గాని మాట పెగలడం లేదు. చేతులు జోడించగానే ఆ ఒక్క వరుస కళ్ళముందుకొస్తోంది. ఆయనకు తెలియదని కాదు, నా నోటితో చెప్పాలిగా. నోటితో రానిది చేత్తోనైనా వస్తుందేమోనని ఆఫీసులో ఇచ్చిన ఈ డైరీ తీశాను. ఇన్నేళ్ళూ ఇలాంటివి బీరువా కోడు ఊగకుండా కింద పెట్టుకోవడానికే పనికొచ్చాయి.

జరిగింది ముందు రాస్తాను.

మా ఆఫీసులో ఆసుపత్రులకు పిలుపు బోర్డులు చేస్తారు. రోగి మంచం పక్కన మీట నొక్కితే నర్సుల బల్ల మీద ఆ మంచం నంబరు వెలిగి గంట మోగుతుంది. ఆ బోర్డును నడిపే ప్రోగ్రాము మారినప్పుడల్లా దాన్ని ప్యాకేజీగా కట్టి పంపేది నేను. అందుకే అందరికీ పెట్టెలమ్మనయ్యాను. పోయిన శుక్రవారం నేను కట్టిన ప్యాకేజీని పిచ్చుక ఒక పెద్ద ఆసుపత్రిలో ఎక్కించింది. పట్టపగలు, వార్డు నిండా రోగులుండగా. ఎక్కించగానే బోర్డు ఆగిపోయింది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. పన్నెండో మంచం పెద్దాయన మీట నొక్కీ నొక్కీ, ఎవరూ రాకపోయేసరికి తనే లేచి బాత్‌రూముకు బయలుదేరి పడిపోయాడు. తుంటి ఎముక విరిగింది.

పిచ్చుక అంటే ఊళ్ళు తిరిగి మా ప్యాకేజీలు ఎక్కించే పిల్ల. నోరు ఒక్క క్షణం ఊరుకోదు, అందుకే ఆ పేరు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. నన్ను పిన్నీ అంటుంది.

బోర్డును ఆపమన్న ఆదేశం పిచ్చుక లాగిన్ నుంచే వెళ్ళినట్టు రికార్డులో ఉందట. పని తొందరగా తెముల్చుకోవడానికి చేత్తో ఆపేసి, మళ్ళీ పెట్టడం మరిచిపోయావు అంటోంది మా పైన ఉండే మేడమ్. నేను ముట్టుకోలేదంటోంది ఇది.

నా ప్యాకేజీలో తప్పేమీ లేదు. ఆ వరుస మూసేశాను.

5, బుధవారం

మూసేశాను. మూసిన వరుస పని చెయ్యదు.

6, గురువారం

పద్ధతిగా రాసుకుంటే భయం తగ్గుతుందేమో.

ప్యాకేజీ కట్టడానికి ఒక ఫైలు ఉంటుంది. ఏది ఎక్కడికి వెళ్ళాలి, ఎక్కించాక ఏం జరగాలి, అన్నీ అందులో రాసి ఉంటాయి. మేష్టారు దాన్ని వంటచీటీ అనేవారు. ఫోన్లు ఎత్తడానికి చేరిన నన్ను తన పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి లినక్స్ మీద ఈ పని నేర్పింది ఆయనే. ఆ చీటీలో శాతం గుర్తుతో మొదలయ్యే పొట్టిమాటలు కొన్ని ఉంటాయి. వాటిని మాక్రోలు అంటారు. మనం ఒక్క మాట రాస్తాం. కట్టేటప్పుడు యంత్రం దాన్ని విప్పి, ఆ చోట అసలు ఆదేశాలు పెడుతుంది. "అత్తగారు ఊఁ అంటే కోడలికి ఆరు పనులు అర్థమవుతాయి చూడు, అదీ మాక్రో అంటే" అనేవారాయన.

మేష్టారు సొంతంగా రాసుకున్న మాక్రో ఒకటుంది, బోర్డు రీసెట్ అని. అప్పట్లో నర్సులకు ముందే చెప్పి, మంచాల దగ్గర మనుషుల్ని నిలబెట్టి ప్యాకేజీ ఎక్కించేవాళ్ళు. రీసెట్ బోర్డును ఆపేది. ఎక్కించినవాళ్ళు అన్నీ సరిచూసుకుని చేత్తో మళ్ళీ పెట్టేవాళ్ళు. ఇప్పుడు కొత్త ప్రోగ్రాముకు బోర్డు ఆగాల్సిన పని లేదట. "ఆ రీసెట్ వరుస తీసేయండి" అంది మేడమ్.

నేను తీసేయలేదు. ముందు హ్యాష్ గుర్తు పెట్టాను. హ్యాష్ పెట్టిన వరుస యంత్రానికి కాదు, మనుషులకు. యంత్రం దాన్ని దాటేసి వెళ్ళిపోతుంది. ఎన్నోసార్లు అలా చేశాను. మేష్టారు రిటైరైన రోజున నా పక్కన కూర్చుని ఆ చీటీని మొదటి నుంచి చివరిదాకా ఒకసారి చూసుకున్నారు, కన్నకూతుర్ని అత్తారింటికి పంపుతున్నట్టు. ఆయన రాసిన వరుసను తుడిచేయడానికి నాకు చెయ్యి రాలేదు. ఉండనీ, మూసి ఉండనీ అనుకున్నాను. ఉంటే నష్టమేముంది?

పరీక్షల కోసం ఆఫీసు మూలన పెట్టిన యంత్రం మీద ఎక్కించి చూశాను కూడా. దానికి బోర్డు తగిలించి లేదు, అది వేరే సంగతి.

ఈసారి బోర్డు ఆగదు, చూసుకోనక్కర్లేదు అని పిచ్చుకకు చెప్పింది మేడమే. అక్కడ నేను కూడా ఉన్నాను. తల ఊపాను.

7, శుక్రవారం

విచారణ అయ్యేదాకా పిచ్చుకను ఆసుపత్రులకు వెళ్ళొద్దన్నారు. స్టోరు రూములో వైర్లు చుట్టే పని ఇచ్చారు. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని నా దగ్గరికే వచ్చింది. తినలేదు.

"ఒక్కో వైరూ చుడుతుంటే నా మెడకే చుట్టుకుంటున్నట్టుంది పిన్నీ."

"అలా అనకు. దేవుడున్నాడు."

"ఉన్నాడులే. మన ఆఫీసు రికార్డులో లేడు కదా, అదీ చిక్కు."

నవ్వబోయి నవ్వలేకపోయాను. అదీ నవ్వలేదు. డబ్బా పక్కకు నెట్టి మెల్లగా అంది: "పిన్నీ, అడిగిందే అడుగుతుంటే నాకే అనుమానం వస్తోంది. నిజంగానే ఆపేశానేమో. చెయ్యి దానంతటదే వెళ్ళిందేమో. మనిషికి తెలియకుండా చెయ్యి పని చేస్తుందా?"

"నువ్వు ముట్టుకోలేదే. ఆ రోజే చెప్పావుగా."

"నువ్వొక్కదానివే నమ్ముతున్నావు" అని నా కొంగు పట్టుకుంది.

ఇంటికొచ్చి చీర మార్చుకుంటుంటే ఆ కొంగును చూడలేకపోయాను.

9, ఆదివారం

హ్యాష్ పెట్టిన వరుసను యంత్రం చదవదని ఎక్కడో రాసే ఉంటుంది. ఈ మాక్రోల మీద పుస్తకమో, కాగితమో ఉండకపోదు. అది దొరికితే మేడమ్‌కు చూపిస్తాను. ఇదిగోనండి, ప్యాకేజీలో తప్పు లేదు, ఇంకెక్కడైనా వెతకండి అంటాను. పిచ్చుకకూ మేలు జరుగుతుంది.

రేపటి నుంచి వెతుకుతాను.

10, సోమవారం

వెతికాను. ఆఫీసు వాళ్ళు పెట్టుకున్న పేజీలో మాక్రోల పేర్లు బారుగా ఉన్నాయి, అర్థాలు లేవు. అర్థాలకు ఇంకో పేజీ చూడమంది. ఆ పేజీ మళ్ళీ మొదటి పేజీనే చూడమంది. వీధి గుమ్మంలో అడిగితే పెరట్లో అడగమన్నారు, పెరట్లో అడిగితే వీధి గుమ్మంలో అడగమన్నారు. బయట నెట్‌లో ఒక పేజీ దొరికితే, ఇది పాతబడింది, కొత్తది అక్కడ అని ఉంది. అక్కడ ఏమీ లేదు. ఇంకోచోట ఎవరో నాలాంటివారే, మూసిన వరుసలో మాక్రో ఉంటే ఏమవుతుంది అని ఎప్పుడో అడిగారు. ఆత్రంగా కిందికి జరిపాను. కింద ఆ మనిషే మళ్ళీ రాశాడు: "దొరికింది, థాంక్స్."

ఏం దొరికిందో రాయలేదు. ఆ మహానుభావుడు ఎక్కడున్నాడో గాని వాడి తలుపు తట్టాలనిపించింది. తర్వాత, రాయకపోవడమే మంచిదయిందని కూడా అనిపించింది. ఎందుకలా అనిపించిందో తెలియదు.

11, మంగళవారం

మేష్టారికి ఫోన్ చేశాను.

"ఏమ్మా పెట్టెలమ్మా, పెట్టెలన్నీ కులాసానా?"

"కులాసానేనండి. మాక్రోల సంగతులు ఎక్కడ రాసి ఉంటాయో కనుక్కుందామని."

"తెలిసినవాడికి రాసే తీరికుండదు, తీరిక ఉన్నవాడికి తెలియదు. ఎందుకొచ్చిన వెతుకులాట, యంత్రాన్నే అడుగు. ఎవాల్ అని కొట్టి మాక్రో పేరివ్వు, కడుపులో ఉన్నదంతా విప్పి ముందు పెడుతుంది. నీకు నేర్పాను కదమ్మా."

"నేర్పారండి. అదే, వరుస మూసేసి ఉంటే..."

"ఎలా మూశావు?"

ఊరికే అడిగానండి, ఉంటానండి అని పెట్టేశాను. ఆయన ఒంట్లో ఎలా ఉందని కూడా అడగలేదు.

12, బుధవారం

యంత్రాన్ని అడగలేదు. తీరిక లేకపోయింది.

12, రాత్రి

తీరిక ఉంది. అబద్ధం ఎందుకు.

మా ఆయనకు తాళాలు బాగుచేసే కొట్టు ఉంది. భోజనం దగ్గర ఊరికే అడిగినట్టు అడిగాను.

"ఏమండీ, తాళం వేసిన తలుపులోంచి మనిషి బయటికి రాగలడా?"

"ఎవరా మనిషి?"

"ఎవరో ఒకరు."

"తాళం నేను వేస్తే రాలేడు." ముద్ద నమిలి, నీళ్ళు తాగి, మళ్ళీ అన్నాడు: "తాళం ఒక తలుపుకే వేస్తాం. ఆ ఇంటికి ఎన్ని తలుపులున్నాయో ముందు చూసుకోవాలి. చూసుకోకుండా తాళం వేసుకుని, సొమ్ము పోయాక నా కొట్టు మీదికొచ్చి తగాదా పడేవాళ్ళే ఎక్కువ."

ఇంకో గరిటె కూర వడ్డించాను. వద్దన్నా వినలేదట. ఆయనే నా చెయ్యి పట్టి ఆపి, "నీ ధ్యాస ఎక్కడుంది?" అన్నాడు.

ఎన్ని తలుపులున్నాయో నాకు తెలియదు. ఆ మాక్రోను విప్పి నేనెప్పుడూ చూడలేదు. మేష్టారు రాశారు, నేను వాడాను. భక్తిగా వాడాను.

13, గురువారం

రెండు సంగతులు.

ఒకటి. పిచ్చుక ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెడతానంటోంది. ఒప్పుకుంటే గొడవ చెయ్యకుండా పంపించేస్తారట, ఇంకోచోట ఉద్యోగానికి అడ్డుపడరట. "చెయ్యనిది చేశానని రాస్తే పాపమా పిన్నీ? నువ్వు పూజలు చేస్తావుగా, నీకు తెలుస్తుంది" అంది. సోమవారం పెడుతుందట. తొందరపడకు అన్నాను. ఎందుకు తొందరపడకూడదో చెప్పలేదు.

రెండు. నా ప్యాకేజీయే, అదే ప్యాకేజీ, సోమవారం పిల్లల ఆసుపత్రిలో ఎక్కిస్తారట. మేడమ్ నా బల్ల దగ్గరికి వచ్చి చెప్పింది. "ఈసారి భయం లేదు. వెళ్ళేవాడికి ఖరాఖండిగా చెప్పాను, బోర్డు మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదని. ఎక్కించి వచ్చెయ్యడమే."

బోర్డు మీద చెయ్యి వెయ్యడానికి వీల్లేదు. అంటే అది ఆగిపోయినా వాడు ముట్టుకోడు.

పిల్లలు మీట నొక్కుతారు. రాకపోతే అమ్మా అని ఏడుస్తారు. అమ్మలు బయట కూర్చుని ఉంటారు, బోర్డు మోగితే నర్సు వెళ్తుందిలే అనే ధైర్యంతో.

రేపు అడుగుతాను. రేపు తప్పకుండా.

14, శుక్రవారం

దణ్ణం పెట్టుకోకుండానే ఆఫీసుకు వెళ్ళాను.

ఎవాల్ కొట్టబోయి ఆగాను. ముందు కాగితమే చూద్దామని, ఎప్పుడూ తెరవని చోట చూశాను. బయటెక్కడో కాదు, నా యంత్రంలోనే. ప్యాకేజీలు కట్టే పనిముట్టుతోపాటు దాని వివరాల ఫోల్డరు కూడా వచ్చి ఉంది. నేను రోజూ కూర్చునే చోటుకు జానెడు దూరంలో, ఇన్నేళ్ళుగా. ఇంగ్లీషులో ఉంది. నా చదువుకు ఒక్కో మాటా కూడబలుక్కోవాల్సి వచ్చింది.

హ్యాష్ పెట్టిన వరుసలో ఉన్నా సరే, మాక్రోను యంత్రం విప్పుతుందట. విప్పితే నాలుగు వరుసలైందనుకో, హ్యాష్ మొదటి వరుసకే ఉంటుంది. తక్కినవి మామూలు ఆదేశాలే. వాటి పని అవి చేసుకుపోతాయి. నిజంగా మూయాలంటే శాతం గుర్తు రెండుసార్లు పెట్టాలి. లేదా తీసేయాలి.

తీసేయండి అంది మేడమ్.

అప్పుడు ఎవాల్ కొట్టాను. మేష్టారి మాక్రో తెర మీద విచ్చుకుంది. మొదటి వరుస, రీసెట్ మొదలైందని రాసుకోవడం. రెండోది, బోర్డును ఆపడం. మూడోది, రాసుకున్న పిలుపులన్నీ తుడిచేయడం. నా హ్యాష్ మొదటిదానికే పట్టింది. ఎక్కించింది పిచ్చుక గనక, ఆపమన్న ఆదేశం దాని పేరు మీదే వెళ్ళింది.

ముందున్న పిలుపులు తుడిచిపెట్టుకుపోయాయి, ఆ తర్వాత పెద్దాయన నొక్కినవి ఆగిన బోర్డు రాసుకోనే లేదు. ఆయన పిలిచాడనడానికి ఎక్కడా గుర్తు లేదు.

ఇంకొకటి రాయాలి. ఆ రోజు ప్యాకేజీ కడుతుంటే తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. మూసిన వరుసలో మాక్రో విప్పాను అని, వరుస నంబరుతో సహా. హెచ్చరికలు వీధికుక్క అరుపులు, ఎర్రర్ వస్తేనే ఆగు అని మేష్టారు నేర్పిన మాట. నేను ఆగలేదు. కానీ చదివాను. చదివాక లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగాను. నాలుగో తేదీన ఈ డైరీ తెరిచినప్పుడు కూడా ఆ హెచ్చరిక గుర్తుంది. అందుకే తెరిచాను.

మేడమ్ గదికి వెళ్ళాను. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సోమవారం పిల్లల ఆసుపత్రికి ఆ ప్యాకేజీ పంపకండి. బోర్డును ఆపింది పిచ్చుక కాదు. నేను కట్టిన ప్యాకేజీయే."

"ఆ వరుస తీసేశానన్నారుగా?"

"అయిపోయిందండి అన్నాను. తీసేయలేదు, మూశాను."

నా వెంట వచ్చి తెర చూసింది. రెండుసార్లు చూసింది. తిడుతుందనుకున్నాను. "నేను కూడా చూడకుండానే పంపించాను" అని కుర్చీలో కూలబడింది. తర్వాత లేచి, "తీసేయండి. నా ముందు తీసేయండి" అంది.

తుడిచేశాను. ఒక్క మీట నొక్కుడు. మేష్టారి వరుస పోయింది. ఆయనకేమీ కాలేదు, ఎక్కడో హాయిగా కాఫీ తాగుతూ ఉంటారు.

14, ఇంటికొచ్చాక

పిచ్చుక స్టోరు రూములోనే ఉంది. మేడమ్ చెప్పకముందే నేను వెళ్ళి చెప్పాను. చేతిలో సగం చుట్టిన వైరు అలాగే పట్టుకుని విన్నది.

"అయితే నేను ఆపలేదు" అంది.

"ఆపలేదమ్మా."

"నా చెయ్యి వెళ్ళలేదు."

"లేదు."

ఆ తర్వాత అడిగింది. ఏ మాట కోసం నేను ఇన్నాళ్ళూ భయపడ్డానో అదే మాట.

"నీకు ఎప్పట్నించి తెలుసు పిన్నీ?"

ఈ రోజే అనొచ్చు. కాగితం ఈ రోజే దొరికింది, అబద్ధం కూడా కాదు. నాలుక చివరిదాకా వచ్చింది.

"అనుమానం మొదటిరోజు నుంచే ఉంది."

"మరి ఇన్నాళ్ళూ ఏం చేశావు?"

"వెతికాను."

"దేనికోసం?"

"తప్పు నాది కాదని ఎక్కడైనా రాసి ఉంటుందేమోనని."

వైరు చుట్టడం పూర్తి చేసింది. మడత కట్టి, అరలో పెట్టి, దీపం ఆర్పి వెళ్ళిపోయింది. నేను చీకట్లో కాసేపు నిలబడ్డాను.

15, శనివారం

మా ఆయనకు చెప్పాను. "మొన్న తాళం కథ దీనికేనా?" అన్నాడు. ఇంకేమీ అనకుండా చొక్కా వేసుకుని నాతో ఆసుపత్రికి వచ్చాడు.

పన్నెండో మంచం పెద్దాయనకు ఆపరేషన్ అయింది. పక్కన కోడలు ఉంది. నేనెవరో చెప్పాను, ఏం చేశానో చెప్పాను. ఆ అమ్మాయి ముఖం తిప్పుకుంది, తిప్పుకోవాలి కూడా. పెద్దాయనకు ఎంతవరకు అర్థమైందో తెలియదు. "బోర్డు గీర్డు నాకు తెలియదు తల్లీ, నొక్కితే ఎవరూ రాలేదు" అన్నాడు. మీట ఆయన దిండు పక్కనే ఉంది. నేనున్నంతసేపూ నీళ్ళకైనా, దుప్పటికైనా నోటితో కేకే వేశాడు గాని దాని మీద చెయ్యి వెయ్యలేదు.

17, సోమవారం

పిల్లల ఆసుపత్రిలో కొత్త ప్యాకేజీ ఎక్కింది. బోర్డు ఆగలేదు. మేడమే స్వయంగా వెళ్ళి బోర్డు ముందు నిలబడిందట.

ఇకమీదట నేను కట్టింది ఇంకొకరు చూశాకే బయటికి వెళ్తుంది. హెచ్చరిక వచ్చినా ఆగాలని రాసి గోడకు అంటించారు. విచారణలో నా సంగతి ఇంకా తేలలేదు. ఏం తేల్చినా తల వంచుకుంటాను.

ఈ పొద్దున దీపం ముందు కూర్చుంటే మాట వచ్చింది. అన్నీ చెప్పాను. మంచినీళ్ళు తాగడానికి లేచిన సంగతి కూడా.

20, గురువారం

పిచ్చుక మళ్ళీ తిరుగుడు పనిలో పడింది. ప్యాకేజీ తీసుకోవడానికి ఈ రోజు నా బల్ల దగ్గరికి వచ్చింది. ఎదురుచూశాను, ఏదో ఒకటి అంటుందని. తిట్టినా బాగుండేది.

"ప్యాకేజీ సిద్ధంగా ఉందాండి?"

"ఉందమ్మా."

"ఇంకొకరు చూశారా?"

"చూశారు."

"మీరు ఒకసారి విప్పి చూపిస్తారా?"

మీరు అంది. పిన్నీ అనలేదు. చీటీ తెరిచి, ఒక్కో మాక్రోనూ యంత్రం చేత విప్పించి చూపించాను. అన్నీ నిలబడి చదివింది. ఇది దేనికి, అది దేనికి అని అడిగింది. తెలిసినవి చెప్పాను. తెలియని ఒకదానికి తెలియదన్నాను, ఇద్దరం కలిసి ఆ వివరాల ఫోల్డరులో వెతికాం. దొరికింది. "ఉంటానండి" అని వెళ్ళిపోయింది. మళ్ళీసారి కూడా ఇలాగే చూపిస్తాను, అడిగినా అడక్కపోయినా.

ఇంతటితో ఆపుతాను. ముందు పుటలు తిరగేస్తే, నా ప్యాకేజీలో తప్పేమీ లేదు అని నా చేతిరాతతోనే ఉంది. కొట్టేద్దామని కలం పెట్టి తీసేశాను. అది చీటీ, ఇది నేను. అందులో తుడిచేయాలి, ఇందులో ఉంచాలి.

ఎప్పుడో ఒకనాడు ఈ బీరువా సర్దేవాళ్ళకు ఒక మాట. ఈ డైరీని కోడు కింద పెట్టకండి, చించకండి. బట్టల అడుగున ఉండనివ్వండి. ఎవరికీ చూపించకండి. మేష్టారికి వద్దు, ఆయన మనసు కష్టపెట్టుకుంటారు. పిచ్చుకకు అసలు వద్దు. దానికి చెప్పాల్సింది ఎదురుగా నిలబడి చెప్పాను.